కదలని సైకిల్ మీద కోస్తా యాత్ర

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత ప్రజలకు సవినయంగా తెలియజేయడమేమనగా, మన ప్రాంతానికి సముద్రం వచ్చింది. దాంతోపాటు కొండలు కూడా వచ్చాయి. రెండూ పటేల్‌గూడలోని సాగరగిరి హైట్స్ క్లబ్‌హౌస్ మొదటి అంతస్తులో, జిమ్ పక్క గదిలో ఉన్నాయి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి.

సాగరగిరి హైట్స్‌కి ఆ పేరెందుకని గిట్టనివాళ్లు కొందరు అడుగుతుంటారు. ఒకప్పుడక్కడ నిజంగానే ఒక గుట్ట ఉండేది. దాన్ని పేల్చి, కంకర కొట్టి, ఆ కంకరతోనే విల్లాలు కట్టారు. కనుక అక్కడ కాపురముంటున్న ప్రతి కుటుంబమూ ఇవాళ కొండలోనే ఉంటున్నట్టు లెక్క. ఇక సాగరం సంగతంటారా, వానాకాలంలో ఆ సెల్లార్ చూసినవాళ్లెవరూ ఆ ప్రశ్న వేయరు.

ఈ కాలనీలో కొత్తగా ఇల్లు కొన్నవారిలో కైలాసం గారొకరు. సంగారెడ్డి గంజ్‌లో తాతల నాటి పప్పుల కొట్టు ఆయనది. తూకంలో మోసం లేదన్న పేరు ఆ కొట్టుకి మూడు తరాలుగా ఉంది. గల్లాపెట్టె ముందు కూర్చుని కూర్చుని కైలాసం గారి నడుము కందిబస్తాతో పోటీకి దిగితే, డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. హైవే మీద కంటైనర్ లారీలు పోతుంటే సైకిల్ తొక్కడం ఆరోగ్యం కోసం చేయదగిన పని కాదు. అందుకని క్లబ్‌హౌస్‌లో సైకిళ్లను స్టాండ్లకు బోల్టులతో బిగించి, ఎదురుగా గోడంత తెర పెట్టి, దాని మీద రుషికొండ నుంచి భీమిలి దాకా సముద్రం వారగా పోయే ఘాట్ రోడ్డును ఆడించే ఏర్పాటు జరిగింది. తెర మీద ఎత్తు వస్తే పెడల్ బిగుస్తుంది. పల్లం వస్తే వదులవుతుంది. శాస్త్రం అంత ఎదిగింది. రోడ్డు మాత్రం ఎదగలేదని బాధపడేవాళ్లు చాదస్తులు.

సైకిల్ కొన్నరోజే పంతులు గారిని పిలిపించి వాహనపూజ చేయించారు. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, "ఇగ నడిపియ్యుండ్రి" అన్నారాయన. కైలాసం గారు భీమిలి దాకా తొక్కారు. నిమ్మకాయ అలాగే ఉంది. పంతులు గారు ఆలోచించి, నలగకపోవడం మరింత శుభమని తేల్చి, సంభావన తీసుకుని వెళ్లిపోయారు.

యాత్ర సహజంగా ఉండాలని కైలాసం గారు కొట్టు నుంచి రాళ్లుప్పు తెప్పించి కూలర్ నీళ్లలో కలిపించారు. ఉప్పుగాలి అద్భుతంగా వచ్చింది. జిమ్ సామాను తుప్పు పట్టడంతో అది నిజమైన సముద్రగాలేనని అందరూ ఒప్పుకున్నారు. ఈ సైకిళ్లవాళ్లు పెట్టుకున్న క్లబ్ కార్యదర్శి, ప్లాట్ల వ్యాపారి విఘ్నేశ్వర్ ఇంకో అడుగు ముందుకేసి ఎండుచేపలు వేలాడదీద్దామన్నాడు. శనివారం ఉల్లిపాయ కూడా ముట్టని కైలాసం గారు అందుకు ఒప్పుకోలేదు. చేపలు తెర మీద ఎగిరితే చాలునని రాజీ కుదిరింది.

పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో "నేడు రుషికొండ దాటితిని", "గాలి ఎదురుగా ఉన్నను భీమిలి చేరితిని" అని కైలాసం గారు ప్రకటనలు ఇచ్చేవారు. గంజ్‌లో హమాలీలు కూడా ఆయన పిక్కల వంక గౌరవంగా చూడసాగారు. క్లబ్బువాళ్లు ఆయన్ని అధ్యక్షుణ్ణి చేసి, 'కోస్తా కొండల కేసరి' అని బిరుదు ఇచ్చారు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఒక్కటే చిన్న ఇబ్బంది. కైలాసం గారికి సైకిల్ తొక్కడం రాదు.

సైకిల్ నేర్చుకునే వయసులో ఆయన్ని గల్లా దగ్గర కూర్చోబెట్టారు. తర్వాత నేరుగా కారే వచ్చింది. బోల్టులు బిగించిన సైకిల్ పడదు కాబట్టి, తనకు తొక్కడం రాదన్న సంగతి ఆయనే మరిచిపోయారు. జిల్లా ఆరోగ్య చైతన్య సమితి గౌరవాధ్యక్షులు నరసరాజు గారు ఆయన కీర్తి విని, సైకిల్ దినోత్సవం నాడు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో వెండికప్పుతో సన్మానిస్తామని ప్రకటించేదాకా అది గుర్తు రాలేదు. షరతు ఒక్కటే. ముత్తంగి నుంచి చౌరస్తా దాకా ర్యాలీకి ముందుండి కేసరి గారు సైకిల్ మీద రావాలి.

కైలాసం గారికి అన్నం సయించలేదు. భార్య అరుణాదేవి సంగతి కనిపెట్టింది. ఆవిడ జోగిపేట పిల్ల. అన్న సైకిల్ తనే తొక్కుకుంటూ బడికి పోయి వచ్చిన మనిషి. తెల్లవారకముందే ఆయన్ని గోదాం ఆవరణలోకి తీసుకుపోయి, పనివాళ్ల పాత సైకిల్ మీద ఎక్కించి, వెనక పట్టుకుని పరుగెత్తింది. ఆయన నేరుగా పోయి పెసలబస్తాల మీద పడ్డారు.

"సముద్రమెక్కడుందో సూస్కుంట తొక్కితే గిట్లనే అయితది. ముందు సూడుండ్రి," అంది ఆవిడ లేవదీస్తూ. "ఎందుకీ పరేషాన్? నాకు రాదని చెప్పుండ్రి, ఏం పోతది?"

"తూకం పోతది అరుణా," అన్నారాయన, గడ్డానికంటిన పెసలు దులుపుకుంటూ. "సైకిల్ గురించి అబద్ధమాడినోడు పప్పు సక్కగ తూస్తడా అంటరు గంజ్ల. తాత పేరు నా చేతుల పోవుడా?"

అరుణాదేవికి నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. నిజానికి ఆ మాటకే ఆవిడ ఆయన్ని అంతకుముందు కన్నా ఎక్కువ ఇష్టపడింది.

చివరికి కైలాసం గారు విఘ్నేశ్వర్‌ను పిలిచి తలుపేసి ఉన్నమాట చెప్పేశారు. విఘ్నేశ్వర్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతనికీ రాదు. అత్యవసర సమావేశం జరిగింది. సభ్యులెవరికీ సైకిల్ తొక్కడం రాదన్న విషయాన్ని సభ ఏకగ్రీవంగా గుర్తించి, ఇందువల్ల క్లబ్ ఆశయాలకు ఎలాంటి భంగమూ లేదని తీర్మానించింది. వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకుపోయే డీసీఎం వ్యాన్ ఒకటి మాట్లాడి, సైకిళ్లను స్టాండ్లతో సహా దాని మీద బిగించి, తెరనూ కూలర్‌నూ ఎక్కించి, తొక్కుతూ తరలాలని నిర్ణయమైంది.

అనుకున్నరోజు ముత్తంగిలో యాత్ర మొదలైంది. డీసీఎం చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు నలిగాయి. సైకిళ్ల కింద పెట్టినవి నలగలేదు. టోపీలు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని సభ్యులు చెమటలు కక్కుతూ తొక్కుతుంటే, ఎదురుగా భీమిలి తీరం మెరుస్తుంటే, జనం ఆగి చూశారు. సంగమ్మ అనే ముసలావిడ ఇదేదో కొత్త దేవుడి ఊరేగింపనుకుని ఎదురొచ్చి కొబ్బరికాయ కొట్టింది. కైలాసం గారు మొహమాటానికి దీవించారు. అరుణాదేవి వెనకాల కారులో వస్తోంది.

పోతిరెడ్డిపల్లి చౌరస్తా కనుచూపుమేరలో ఉందనగా కానిస్టేబుల్ తాడు అడ్డం పట్టాడు. ర్యాలీ గౌరవార్థం ఆ దారిలో సైకిళ్లకు తప్ప ఏ వాహనానికీ ప్రవేశం లేదని పైనుంచి ఆర్డరు. డీసీఎం వాహనం కనుక దాన్ని ఆపేశాడు. తాడు ఇవతల అప్పటికే డ్యూటీకి పోవాల్సిన కార్మికులు సైకిళ్లతో బారులుతీరి నిలబడి ఉన్నారు. వాళ్లనెందుకు ఆపారంటే, సైకిల్ ర్యాలీకి సైకిళ్లు అడ్డం రాకూడదని మరో ఆర్డరు. మైకులో మాత్రం "దయచేసి సైకిళ్లకు దారి ఇవ్వండి" అని ఎవరో ప్రాధేయపడుతున్నారు.

"కప్పు తయారుగుంది, కేసరి ఏడున్నడు?" అని వేదిక మీంచి ఫోన్ల మీద ఫోన్లు. విఘ్నేశ్వర్ పెడల్ ఆపకుండానే దేవుడికి మొక్కుకున్నాడు.

అరుణాదేవి కారు దిగింది. వరసలో ముందున్న మల్లేష్ అనే వెల్డర్ దగ్గరికి పోయి, "జెర నీ సైకిలిస్తవా బిడ్డా?" అంది.

"తీస్కపోండ్రి అమ్మా. నన్నైతే ఎట్లాగు పోనిస్తలేరు," అన్నాడు మల్లేష్. "జల్దీ తేండ్రి మల్ల. కంపెనీ గేటు బంద్ చేస్తరు."

ఆవిడ కొంగు దోపి సీటెక్కింది. కైలాసం గారు డీసీఎం దిగి, చుట్టూ చూసి, వెనక క్యారియర్ మీద కూర్చున్నారు. ఆయన ఛాతీ మీది అధ్యక్షుల బ్యాడ్జీ చూసి కానిస్టేబుల్ తాడెత్తి సెల్యూట్ కొట్టాడు.

సైకిల్ కదిలింది. సైకిల్ మీంచి చెట్లు వెనక్కి పోవడం కైలాసం గారు తెర లేకుండా చూడటం అదే మొదటిసారి. గాలిలో ఉప్పు లేదు. దుమ్ముంది, ఏదో ఫ్యాక్టరీలో ఉడుకుతున్న మందు వాసనుంది. ఆయన ప్రాణానికి మాత్రం ఎంత హాయిగా ఉందో చెప్పలేం. "మెల్లగ పోనీ అరుణా," అన్నారు. అది భయంతో అన్న మాట కాదు.

వేదిక దగ్గర దండలు, బ్యాండు. అరుణాదేవిని "మహిళలు ఆ పక్కకు" అని వాలంటీర్లు మర్యాదగా నెట్టారు. నరసరాజు గారు కప్పు అందించి, "కొండలను లొంగదీసి, కోస్తాను జయించి, నేడు సైకిల్ మీదనే మన మధ్యకు విచ్చేసిన ఈ ధీరుడు యువతకు మార్గదర్శి," అని ప్రసంగించారు.

కైలాసం గారు మైకు పట్టుకున్నారు. తాత గుర్తొచ్చాడు, తక్కెడ గుర్తొచ్చింది. "నేను తొక్కలే. నాకు సైకిల్ రానే రాదు. తొక్కింది మా ఆవిడ," అన్నారు.

చప్పట్లు మోగిపోయాయి. "చూశారా వినయం! తన విజయాన్ని ఇల్లాలికి అంకితం చేసిన మహానుభావుడు!" అని నరసరాజు గారు కళ్లు తుడుచుకున్నారు. "నిజంగనే చెప్తున్న సార్," అని కైలాసం గారు మొత్తుకునేకొద్దీ చప్పట్లు పెరిగాయి. తాత పేరు నిలబడింది, కానీ ఆయన చెప్పిన నిజం మాత్రం ఎవరికీ అందలేదు.

మర్నాడు ఫొటో వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. క్యారియర్ మీద కూర్చుని, కాళ్లు గాలిలో పెట్టుకుని నవ్వుతున్న కైలాసం గారున్నారు. సీటు, పెడల్, హ్యాండిల్ లేవు, వాటి మీదున్న మనిషీ లేదు. స్థలాభావం వల్ల ఆ భాగం కత్తిరించి అక్కడ నరసరాజు గారి బొమ్మ వేశారు. ఆ ఫొటో మీకూ వచ్చే ఉంటుంది. దాని కింద మన అందరి దండాలు, చప్పట్లు, బొటనవేళ్లు బారులుతీరి ఉన్నాయి. సైకిల్ సగమే ఉందేమని ఒక్కరూ అడగలేదు.

మల్లేష్ ఒక్కడు అడిగాడు. అతను అడిగింది కూడా తన సైకిల్ ముందు చక్రం ఏమైందని.