నాలుగు మూలలా పసుపు

డెబ్బైనాలుగో సంవత్సరం జూలైలో ఒక సోమవారం పొద్దున పోలరాజు పెట్టుకున్న పనులు రెండే. పదిగంటల టపాకు రెండు ఉత్తరాలు అందించడం, ఆనక వన్‌టౌన్‌కు వెళ్లి ఒక ఇనప ట్రంకుపెట్టె బేరమాడటం. ఇంత చిన్న పనుల్లో చెడటానికి ఏముందని నిశ్చింతగా పళ్లు తోముకున్నాడు. నిశ్చింతగా పళ్లు తోముకున్న రోజు ఆ ఇంట్లో ఏనాడూ ఎవరికీ కలిసిరాలేదు.

రెండు నెలలు గుమ్మంలో నిలబడి ఎదురుచూశాక అతనికి రెండు యూనివర్సిటీల నుంచి ఎమ్మెస్సీ సీట్లు వచ్చాయి. జరిగిన కథ దృష్ట్యా వాటి పేర్లు చెప్పడం మర్యాద కాదు. ఒకదాన్ని కెమిస్ట్రీ యూనివర్సిటీ అనీ, రెండోదాన్ని జువాలజీ యూనివర్సిటీ అనీ అనుకుందాం. కెమిస్ట్రీవాళ్లు పదిహేనో తారీఖులోగా సీటు ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం రాయమన్నారు. రాయకపోతే అది వెనకవాడికి పోతుంది. జువాలజీవాళ్లు ఇరవైరెండున సర్టిఫికెట్లు పట్టుకుని నేరుగా వచ్చి చేరమన్నారు. రానివాళ్లను మాత్రం ముందుగా ఒక ముక్క రాయమన్నారు.

ఎంచుకోవడానికి పోలరాజుకు క్షణం పట్టలేదు. వాళ్ల నాన్న మంగరాజుది బెజవాడ కృష్ణలంకలో చేపల వ్యాపారం. కొల్లేటి సరుకు హనుమాన్ జంక్షన్ మీదుగా లారీలో వచ్చి వాకిట్లోనే దిగేది. బి.ఎస్సీ. మూడేళ్లూ పోలరాజు రెండేసి స్నానాలు చేసి, చొక్కాకు పౌడరు దట్టించుకుని వెళ్లినా, బెంచీ మీద పక్కవాడు జానెడు అవతలికి జరిగేవాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. జరిగేవారు, అంతే. ఆ జానెడు దూరం అతనికి మూడేళ్లూ ముల్లులా గుచ్చుకుంది. కెమిస్ట్రీ లాబులో వాసన అంతకంటే ఘోరమే, కాని అది ఎవరి ఇంటి వాసనా కాదు. ఇక జువాలజీలో చేరితే అక్కడా చేపలే కొయ్యాలి. దానికి మాత్రం చచ్చినా ఒప్పుకోకూడదనుకున్నాడు.

ఉత్తరాలు రెండూ కవర్లలో పెట్టి అంటించాడో లేదో, లారీ వచ్చిందని వాకిట్లోంచి మంగరాజు కేకేశాడు. పోలరాజు కవర్లు నాయనమ్మ వీరమ్మ చేతిలో పెట్టి, పెద్దది సీటు తీసుకుంటానని, చిన్నది వద్దని, పోస్టుమాన్ రత్తయ్య వస్తే ఇచ్చెయ్యమని చెప్పి, పంచె ఎగ్గట్టుకుని బుట్టలు దింపడానికి పోయాడు.

వీరమ్మకు అక్షరం ముక్క రాదు గాని, ఆచారం మాత్రం అణువణువూ తెలుసు. మంచి మాట మోసుకెళ్లే ఉత్తరానికి గడప దాటకముందే నాలుగు మూలలా పసుపు రాయాలి. చెడ్డ కబురు తెచ్చిన ఉత్తరాన్ని చదవగానే చింపెయ్యాలి. మనవడి సీటు కంటే మంచి మాట ఆ ఇంట్లో మూడు తరాలుగా పుట్టలేదు. అందుకని పెద్ద కవరుకు నాలుగు మూలలా ధారాళంగా పసుపు పూసి, నడిమధ్య కుంకుమ బొట్టు కూడా పెట్టి, దణ్ణం పెట్టుకుని రత్తయ్యకిచ్చింది. చిన్న కవరు పట్టుకుని మాత్రం చాలాసేపు ఆలోచించింది. ఆ ఆలోచన సంగతి తర్వాత చెప్పుకుందాం.

శుక్రవారం మధ్యాహ్నం తంతి వచ్చింది. ఆ రోజుల్లో తంతి అంటే చావు కబురే. సైకిలు ఆగీ ఆగకముందే పోలరాజు తల్లి మంగాయమ్మ ఏడుపు అందుకుంది. ఎవరి కోసం ఏడుస్తున్నదీ తర్వాత కనుక్కోవచ్చని ఆమె ఉద్దేశం. తంతి తెచ్చిన మనిషే జాలిపడి ఇంగ్లీషు ముక్కలు తెలుగులో చెప్పాడు. "కొత్త దంపతులకి మా హృదయపూర్వక ఆశీస్సులు" అట. పంపింది కెమిస్ట్రీ యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసు. అందుకోవలసింది పోలరాజు. ఆగిన ఏడుపు మళ్లీ మొదలైంది, ఈసారి మనసారా.

సరిగ్గా ఆ సమయానికి, సోమవారం కుదరని ట్రంకుపెట్టె కొనుక్కుని పోలరాజు రిక్షా దిగాడు. తళతళలాడే పెట్టె చూసి తల్లి ఏడుపు రెట్టింపైంది. పిల్లాడు కాపరానికి సామాను కూడా కొనుక్కున్నాడని ఇరుగమ్మ పొరుగమ్మకు చెప్పింది. తనకు పెళ్లి కాలేదని పోలరాజు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. మంగరాజు నెమ్మదిగా అన్నాడు. "గవర్నమెంటోళ్లు ఊరికే డబ్బులెట్టి తంతి కొడతారంట్రా?"

కబురు చేపల లారీల మీద కొల్లేరుకు చేరింది. శనివారం సరుకుతో పాటు మేనమామ ఎల్లారావు కూడా దిగాడు. తన కూతురు గంగారత్నాన్ని పోలరాజుకు ఇవ్వాలని దాని ఉయ్యాలనాడే అనుకున్నారు. ఎల్లారావు మంచినీళ్లు కూడా ముట్టకుండా అరుగు మీద కూర్చుని, "మేనమామని నేను బతికుండగానే నీ పెళ్లికి యూనివర్సిటీవోళ్లని పిలిచావంట్రా అల్లుడూ?" అన్నాడు. కోపంగా అనుంటే పోలరాజు తట్టుకునేవాడే. ఏడుపు గొంతుతో అన్నాడు.

రెండు రోజులు పంచాయితీ నడిచింది. పోలరాజు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు. చదువుకున్నవాళ్ల ప్రమాణాలు చెల్లవని పెద్దలు తేల్చారు. చివరికి, పెళ్లి కాలేదని ఆ ఆఫీసువాళ్లచేతే కాగితం రాయిస్తే నమ్ముతానని ఎల్లారావు ఒక మెట్టు దిగాడు. సీటు ఉత్తరం ఎప్పుడో చేరిపోయింది గనక పోలరాజు ఆ విషయంలో ధీమాగానే ఉన్నాడు. సోమవారం బయల్దేరి మంగళవారం, అంటే పదహారో తారీఖున, మామా అల్లుళ్లిద్దరూ ఆఫీసు మెట్లెక్కారు.

అడ్మిషన్ల సూపరింటెండెంటు రామకోటేశ్వరరావు గారు ఎవరికీ చెడు తలపెట్టని మనిషి. పేరు వినగానే లేచి నిలబడి పోలరాజు చెయ్యి పట్టుకున్నారు.

"రండి బాబూ, రండి. పెళ్లి బాగా జరిగిందా? శుభలేఖ అందింది. అడ్మిషన్ల రోజులు గనక రాలేకపోయాను."

ఎల్లారావు నేల మీద చతికిలబడ్డాడు. శుభలేఖ ఏమిటని పోలరాజు అడిగితే, ఆయన సంతోషంగా సొరుగు లాగి చూపించారు. నిండా పసుపు మూలల కవర్లు. ఏటా పాత విద్యార్థులు ఆయనకు శుభలేఖలు పంపుతారట. పసుపు కనబడితే ఆ కవరు ఈ సొరుగులోకి పోతుంది. తీరిక దొరికాక విప్పి చదువుతారు. ఈలోగా ముహూర్తం దాటిపోకూడదని, కవరు వెనక ఉన్న చిరునామాకు ఆశీస్సులు మాత్రం సొంత ఖర్చుతో ముందే తంతి కొట్టిస్తారు. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లీ తప్పలేదని చెప్పుకున్నారు.

వీరమ్మ కవరు అన్నిటికంటే పైనే ఉంది. ఆయన విప్పి చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నిన్న సాయంత్రం అయిదింటికి లిస్టు మూసేశాం బాబూ. నీ సీటు ఇంకొకరికి ఇచ్చేశాం."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పోలరాజుకు అవి కూడా రాలేదు. ఆ గదిలో తేరుకున్నవాడు ఎల్లారావు ఒక్కడే. అయ్యా, అయితే వీడికి పెళ్లి కానట్టేనా, ఆ ముక్క రాసిస్తారా అని చేతులు జోడించాడు. చేసిన పొరపాటుకు ఎంతో కొంత పరిహారం చెల్లించుకోవాలని ఆయన అప్పటికప్పుడు టైపు కొట్టించారు. ఈ ఆఫీసుకు తెలిసినంతవరకు ఈ అభ్యర్థి అవివాహితుడని సంతకం, ముద్ర. ఎమ్మెస్సీ సీటుందని మెట్లెక్కిన కుర్రాడు బ్రహ్మచారి సర్టిఫికెట్టు పట్టుకుని స్టేషనుకు నడిచాడు.

రైల్లో ఎల్లారావు ఆనందం పట్టలేక అల్లుడికి గారెలు కొనిపెట్టాడు. పోలరాజు వాటిని ముట్టుకోలేదు. ఒక సీటు పసుపు తినేసింది. రెండోది తన చేత్తోనే వద్దని రాశాడు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. రేపటి నుంచి తండ్రి పక్కన బుట్టలు దింపుకోవడమే. పక్కకు జరిగేవాళ్లు కూడా ఉండరు. కిటికీవైపు తిరిగి బెజవాడ వచ్చేదాకా ఏడ్చాడు.

ఇంటికొచ్చి, పుట్టిన తర్వాత మొదటిసారి నాయనమ్మ మీద నోరు చేసుకున్నాడు. ఆ పసుపు తన కొంప ముంచిందన్నాడు. వీరమ్మ కళ్లు తుడుచుకుని, స్టూలెక్కి, వంటింటి చూరులో దోపిన చిన్న కవరు తీసి మనవడి చేతిలో పెట్టింది.

"ఇంటికొచ్చిన చదువుని వద్దంటే మళ్లీ రాదయ్యా. చింపుదామంటే సరస్వతి. అంపుదామంటే చేతులు రాలేదు. తిడతావని దాచాను."

ఇరవైరెండున పోలరాజు, చావుకు వెళుతున్నవాడి ముఖంతో, ట్రంకుపెట్టె మోసుకుని జువాలజీలో చేరాడు. మొదటి ప్రాక్టికల్‌కు ట్రేలో పెట్టి ఉంచిన చేప కొరమీను. నీళ్లు లేకుండా పొద్దుటి నుంచీ ఇది ఎలా బతికి ఉందో చెప్పమన్నారు లెక్చరరు. పోలరాజు చెప్పకూడదనే అనుకున్నాడు గాని, చేప ముఖం చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు. అది పైకొచ్చి మనలాగే గాలి పీలుస్తుందని, బురదలో కూడా రోజులు గడుపుతుందని, ఎండాకాలం తాతలు దాన్ని ఎలా వెతికేవారో అన్నీ చెప్పాడు. చెబుతుండగా బెంచీ మీద పక్కవాడు జరిగాడు. పోలరాజు మనసు అలవాటు కొద్దీ చివుక్కుమంది. తీరా చూస్తే అతను జరిగింది ఇటువైపుకు, చేప సరిగ్గా కనబడటం లేదని.

ఎమ్మెస్సీ పూర్తయ్యాక గంగారత్నంతో పెళ్లి కుదిరింది. శుభలేఖలన్నిటికీ వీరమ్మే పసుపు రాసింది. రామకోటేశ్వరరావు గారికి పంపేదాన్ని మాత్రం, ఈసారైనా వెంటనే విప్పుతారని, పోలరాజు పసుపు తగలకుండా తనే పోస్టు చేశాడు. నాలుగో రోజున అచ్చుకార్డు మీద జవాబు వచ్చింది: "మీ దరఖాస్తు గడువు దాటిన తరువాత అందినందున పరిశీలించుటకు వీలులేదు."