శాంటా రుఫీనాలో ఎవరూ లేరు

పెరూ దేశపు కొండల్లోని శాంటా రుఫీనా పట్టణంలో మనుషులెవరూ లేరనీ, అందువల్ల అక్కడి మట్టితో ఎవరికీ ప్రమాదం లేదనీ అధికారికంగా తేలినట్లు ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. ఈ ప్రకటన ఆ పట్టణంలోని మా ఇంటి గుమ్మంలో కూర్చునే రాస్తున్నాను. నేను అక్కడి బడిపంతులుని.

మా ఊరి ఎగువన సీసం కరిగించే కొలిమి ఒకటి మూడు తరాలపాటు పొగ వదిలి, ధర పడిపోగానే మూతబడింది. యజమానులు యంత్రాలు, తలుపులు, చివరికి గోడ గడియారాలు కూడా పట్టుకుపోయారు గానీ, మట్టిని మాత్రం ఉదారంగా మాకే వదిలేశారు. ఆ మట్టిలో గడ్డి మొలవదు, మొలిచినా గొర్రెలు తినవు. గొర్రెలకు చదువు లేదు కనుక వాటి అభిప్రాయాన్ని మేమెన్నడూ పట్టించుకోలేదు. నేలలో గొయ్యి తవ్వి, కాలిన రాళ్ళ మధ్య మాంసమూ దుంపలూ పేర్చి, మట్టి కప్పి వండే పచామాంకా మా కొండవాళ్ళకు ప్రాణం. మా ఊళ్ళో దాన్ని వండడం మానేసి చాలాకాలమైంది. కారణం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అదే మా ఐకమత్యం.

ఇలా ఉండగా కొలిమి స్థలంలో పెద్ద అంగడి సముదాయం కట్టడానికి రాజధాని నుంచి ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఇంటికో దుకాణం ఇప్పిస్తానని మేయరు గుమెర్సిందో పోమా గారు మాటిచ్చారు. అయితే మట్టి వల్ల ఎవరికీ ప్రమాదం లేదని నిపుణులు తేల్చాలట. నిపుణుల సంఘం దిగింది. దాని పెద్ద ఇంజనీరు ఎవారిస్తో లాండా గారు నఖశిఖపర్యంతం తెల్లటి రబ్బరు దుస్తులు, ముఖానికి గొట్టాల ముసుగు తొడుక్కుని వచ్చి, మట్టి గురించి భయపడవద్దని ఆ ముసుగులోంచే మాకు చెప్పారు. ఆయన శుభ్రతకు ముచ్చటపడి అందరం చప్పట్లు కొట్టాం.

"ప్రమాదమంటే ముక్కాలిపీట" అని ఆయన ఉపన్యసించారు. "విషం ఒక కాలు. అది నడిచొచ్చే దారి ఒక కాలు. దాన్ని మింగే మనిషి ఒక కాలు. ఏ ఒక్క కాలు తీసేసినా పీట కూలుతుంది. ప్రమాదం పోతుంది."

వీటిలో ఏ కాలు చవక అని మేయరుగారు వినయంగా అడిగారు. విషం తీయాలంటే కొండంతా తవ్వాలి. దారి మూయాలంటే గాలిని ఆపాలి, గాలి వేరే మంత్రిత్వశాఖ కిందికి వస్తుంది. మనుషుల్ని తీయడానికైతే బస్సులు చాలు.

ఆ విధంగా, పరీక్ష జరిగే రోజు ఊరంతటినీ పక్క లోయలోని తారుకా గ్రామానికి విందుకు తీసుకెళ్ళాలని నిర్ణయమైంది. అక్కడి మట్టి మంచిది కనుక పచామాంకా వండుతారు. ఆ సాయంత్రమే మేమంతా బస్సుల్లో సీట్లు ఆపుకున్నాం.

ఎర్మెలిందా యౌరి ఒక్కతే ఆపుకోలేదు. కొలిమి గోడ పక్కన ఉడికించిన మొక్కజొన్న, జున్ను అమ్ముకునే మనిషి. ఆమె మనవరాలు నిల్దా ఒకప్పుడు నా తరగతిలో మొదటి వరుసలో కూర్చునేది. క్రమంగా నేర్చిన అక్షరాలే మరచిపోసాగింది, నేనూ క్రమంగా వెనక వరుసకు పంపాను. పట్నం డాక్టరు ఆ పిల్ల రక్తంలో సీసం ఉందనీ, మట్టికి దూరంగా ఉంచమనీ చెప్పాడు. "ఎక్కడ ఉంచమంటారు బాబూ, మా మంచం కింద కూడా అదే కదా ఉంది" అని ఆమె అడిగిందట. డాక్టరు తర్వాతి రోగిని పిలిచాడట.

బస్సులు కదిలే ముందు మేయరుగారు స్వయంగా ఆమె గుమ్మం దాకా వెళ్ళారు. సాయంగా నేనూ వెళ్ళాను.

"ఒక్క పూట లేకుండా పోతే నీ సొమ్మేం పోయిందే ఎర్మెలిందా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారా?"

"ఇవాళ నేను లేనని ఒప్పుకుంటే, రేపు ఈ పిల్ల కళ్ళు తిరిగి పడినప్పుడు ఎవరి పిల్లంటారు మేయరుగారూ?" అందామె, దుంపల తొక్క తీస్తూనే.

పిల్ల నా వంక చూసింది. బస్సు హారను మోగడంతో నేను త్వరపడవలసి వచ్చింది.

నిర్మానుష్యమైన పట్టణంలో ఇంజనీరుగారు శ్రద్ధగా తిరిగారు. పొయ్యిల్లోంచి పొగ వస్తోంది, తీగల మీద బట్టలు నీళ్ళోడుతున్నాయి, ఎవరి ఇంట్లోనో రేడియో పాడుతోంది. వీటిని ప్రకృతి వింతలుగా నమోదు చేసుకున్నారు. చివరికి ఎర్మెలింద గుమ్మం దగ్గర ఆగిపోయారట. ఈ సంభాషణను తర్వాత ఆమే నాకు చెప్పింది.

"మీరు ఉన్నారా?"

"ఉన్నానయ్యా."

"పూర్తిగానా?"

"పూర్తిగానే. ఇదిగో, పిల్ల కూడా ఉంది."

ఇంజనీరుగారు పాపం నిజాయితీపరుడు. చూడనిదాన్ని లేదని రాయగలరు గానీ, చూసినదాన్ని లేదని రాయలేరు. ముసుగు తీసి గట్టు మీద చతికిలబడ్డారు. తర్వాత వాకిట్లో మట్టికి సీసం కొలిచే యంత్రం ఆనిస్తే అది కీచుమని అరిచింది. పిల్ల జడుసుకోకుండా యంత్రం నోరు నొక్కారు.

నివేదిక ఊరి కూడలిలో చదివారు. శాంటా రుఫీనాలో మానవ సంచారం లేదు, కనుక ప్రమాదం లేదు. ఒక్క ఇల్లు మినహాయింపు. అక్కడ ఇద్దరు మనుషులున్నారు, కనుక ఘోర ప్రమాదం. దాన్ని తొలగిస్తే తప్ప అంగడి కట్టరాదు.

ఊరు భగ్గుమంది. ఇన్నాళ్ళూ లేని ప్రమాదాన్ని ఎర్మెలింద తెచ్చిపెట్టిందని, అంత విషం పక్కన పెట్టుకుని మొక్కజొన్న అమ్మిందని ఆడవాళ్ళు దుమ్మెత్తిపోశారు. పిల్లల్ని అటు వెళ్ళొద్దన్నాం. కంపెనీకి తొందర గనక వెంటనే యంత్రాలు వచ్చాయి. ఆమె వాకిలి, పెరడు, ఇంట్లో నేల అన్నీ నడుములోతు తవ్వి తీసేశారు. తారుకా నుంచి నల్లటి మట్టి తెచ్చి నింపారు. పైకప్పు కడిగారు, కొత్త నీటి గొట్టం వేశారు. మేం కంచె బయట నిలబడి ఆమె దురదృష్టానికి జాలిపడ్డాం.

తవ్వి తీసిన మట్టిని ఎక్కడ పోయాలన్న ప్రశ్న వచ్చింది. మనుషులు లేనిచోట పోయాలని చట్టం. మనుషులు లేనిచోటు ఏదన్నది నివేదికలో స్పష్టంగా ఉంది. లారీలు మా వీధుల్లోకి వచ్చాయి. మా ఇంటి ముందు కుప్ప కిటికీ దాకా లేచింది. నేను మేయరుగారి దగ్గరికి పరుగెత్తాను.

"పంతులుగారూ, మీరారోజు తారుకాలో మూడోసారి మాంసం వడ్డించుకున్నారు, నేను చూశాను. అక్కడున్నవారు ఇక్కడెలా ఉంటారండీ?" అన్నారాయన.

ఆ తర్కంలో నాకు తప్పు దొరకలేదు. ఆయన నా పాత శిష్యుడే.

ఆరు నెలలయింది. నిల్దా ఈమధ్య దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదువుతోంది. నా తరగతిలో వెనక వరుస మాత్రం కిక్కిరిసింది, మరో రెండు బల్లలు వేయించాను. కుప్పల సంగతి రాజధానికి చేరి మరో సంఘం వస్తోందట. నిన్న ఎర్మెలింద ఇంటింటికీ తిరిగింది. మా గుమ్మంలోకి వచ్చి, "పంతులుగారూ, ఈసారి ఎవరేం పెట్టినా కదలకండి. ఇంట్లో కూర్చోండి చాలు" అంది. తప్పకుండా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

కానీ మేయరుగారు ఈసారి సముద్రానికి తీసుకెళతారట. కొండల్లో పుట్టిన మా ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు. మీరు చూసే ఉంటారు, అందుకే నవ్వగలుగుతున్నారు. బస్సులో ఇంకా సీట్లున్నాయి. మీకూ ఒకటి ఆపమంటారా?