కదలనిది బండి కాదు

ఆ రోజు బ్రేకు టీచరు పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికల్లా డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళి, తన దగ్గరున్న కారును తాళాలతో సహా ఓనరుకు అప్పగించి, పురుడయ్యేదాకా మళ్ళీ ఆ గేటు తొక్కనని చెప్పి రావడం. నెలలు నిండిన కడుపుకూ, నేర్పేవాళ్ళు కూర్చునే సీటుకూ మధ్య ఇక సఖ్యత కుదరడం లేదు. బ్రేకు టీచరన్నది శిష్యులు పెట్టిన పేరు. నేర్చుకునేవాడు స్టీరింగు తిప్పాడో లేదో, తన వైపున్న బ్రేకు మీద ఆమె కాలు పడేది. ఆ కాలి పుణ్యాన వీధికుక్కలు చాలానే బతికి బట్టకట్టాయని శిష్యులే ఒప్పుకుంటారు.

కాఫీ తాగుతూ తాళాల కోసం వెతుక్కుంటుంటే ఆమెకు ఒక సంగతి తట్టింది. లోపలివాళ్ళు ఇంకా లేవలేదు. రోజూ మొదటి గుక్క గొంతు దిగేసరికి పక్కటెముకల కింద ఒక తన్ను పడాలి. రెండో గుక్కా అయింది, కప్పు అడుగూ కనిపించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆమె కూర్చుంది. లేచి నడిచింది. ఎడమవైపు తిరిగి పడుకుంది. పొట్ట మీద వేలితో తట్టి, "ఓయ్, నిన్నే" అంది. రాత్రి కదిలిన గుర్తుంది. కానీ ఇప్పుడు తలుచుకుంటే ఆ కదలిక కూడా ఏదో మొక్కుబడిగా జరిగినట్టు అనిపించింది. అయినా ఆ భయాన్ని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పోయిన వారమే ఇదే భయంతో ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడ మిషను తగిలించేలోపే బిడ్డ గెంతులు వేసి ఆమె పరువు తీసింది. మళ్ళీ వెళితే, 'వచ్చిందమ్మా పిరికి టీచరు' అని నవ్వుకోరూ?

ఆమె భర్తను వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. తినే పళ్ళు కావు, తినడానికి పెట్టుకునే పళ్ళు. కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. మనిషి మొహం కన్నా ముందు దవడ చూసే అలవాటు.

"పళ్ళెందుకలా బిగించావ్?" అన్నాడు భార్యను చూస్తూనే.

"ఏం లేదు."

"ఏం లేకపోతే పై వరస కింది వరస మీద అంతలా కూర్చోదు. చెప్పు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బిడ్డ కదలట్లేదండీ."

ఆ మాట వంటింట్లో ఉన్న అత్తగారి చెవిన పడింది. పడకపోతేనే ఆశ్చర్యం. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరి మాట ఎవరికి చేరాలో చూసే ఉద్యోగం ఆవిడను వదిలేసిందిగానీ, ఆవిడ ఉద్యోగాన్ని వదల్లేదు.

"కంగారుపడకు. చల్లగా పళ్ళరసం తాగు, చచ్చినట్టు లేస్తుంది," అంది గరిటెతో సహా వచ్చి.

"అమ్మా, ఆ మాట మాత్రం అనకు," అన్నాడు పళ్ళాయన, పొట్ట దగ్గర సెల్‌ఫోను పెట్టి పాటలు వినిపిస్తూ. బిడ్డ ఆ సంగీతానికి స్పందించలేదు. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు.

టీచరు ఇక ఆగలేక ఆసుపత్రికి ఫోన్ చేసింది. ముందు గదిలో కూర్చునే అమ్మాయి నంబరు రాసుకుని, కాన్పుల వార్డు నర్సు వెంటనే ఫోన్ చేస్తుందని చెప్పింది. ఈలోగా అత్తగారు కొడుకు చేతిలోని ఫోన్ లాక్కుని, పాట ఆపి, డ్రైవింగ్ స్కూలుకు కలిపింది.

"హలో, మా కోడలు ఇవ్వాళ రాలేదండీ. బిడ్డ కదలట్లేదు!"

సర్వీసు మొత్తంలో ఒక్క మాట కూడా తప్పు చేర్చలేదని ఆవిడకు గొప్ప. ఆవిడ సరిగ్గానే పలికింది. అవతల ఓనరు పక్కన ఒక లారీ ఇంజను చెవులు చిల్లులు పడేలా మొత్తుకుంటోంది. ఆయనకు వినిపించింది మాత్రం 'బండి కదలట్లేదు' అని. "అలాగేనమ్మా, మనిషిని పంపిస్తా, ఆయనే ఫోన్ చేస్తాడు," అని పెట్టేశాడు.

"ఎంత మంచాయనో! మనిషిని పంపిస్తాడట," అంది అత్తగారు. ఏ మనిషిని, ఎందుకు అని ఎవరికీ అడగాలని తోచలేదు.

కాసేపటికి పళ్ళాయన ఫోన్ మోగింది. ఆసుపత్రే అనుకుని అతను స్పీకరు నొక్కాడు.

"కదలట్లేదంట కదా సార్?" అంది ఒక బొంగురు గొంతు.

"అవునండీ. పొద్దుట్నుంచీ."

"నిన్న కదిలిందా?"

"రాత్రి కాస్త కదిలిందండీ."

"చప్పుళ్ళేమైనా వస్తున్నాయా?"

పళ్ళాయన భార్య వైపు చూశాడు. "గ్యాస్ వల్ల... అప్పుడప్పుడూ," అని ఆమె గొణిగింది.

"అప్పుడప్పుడూ వస్తున్నాయండీ," అన్నాడతను.

"వెనకనుంచేగా?"

భార్య మొహం చూసే ధైర్యం లేక పళ్ళాయన గోడతో, "అవునండీ," అన్నాడు.

"పాతబడితే అంతే సార్."

"ఎవరండీ పాతబడింది?" అంది టీచరు, భయాన్ని కూడా మరిచిపోయి.

"సరే గానీ, ముందుకీ వెనక్కీ తోసి చూశారా? నలుగురు పట్టి గట్టిగా ఊపండి. పైన రెండు గుద్దితే ఒక్కోసారి దారికొస్తుంది."

"ఏ డాక్టరండీ మీరు?" అన్నాడు పళ్ళాయన.

అవతలాయన మురిసిపోయాడు. "అందరూ డాక్టరనే అంటారు సార్! నా చెయ్యి పడితే పోయిందనుకున్నవి కూడా లేచి పరిగెడతాయి. మీరేం ముట్టుకోకండి. నేనే వచ్చి తగిలించుకుని తీసుకెళ్తా." ఫోన్ పెట్టేశాడు.

"తగిలించుకునా?" అంది టీచరు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. ఈసారి ఆడగొంతు. కాన్పుల వార్డు నర్సునని చెప్పి, ఎన్నో నెల, ఎప్పట్నుంచి, రక్తం గానీ నీరు గానీ పోతోందా అని టకటకా అడిగింది.

"పోయిన వారం కూడా వచ్చానండీ. అప్పుడేం లేదన్నారు. కాసేపు పళ్ళరసం అదీ తాగి చూడమంటారా?" అంది టీచరు.

"వద్దమ్మా. రసాలూ వద్దు, పాటలూ వద్దు. ఇప్పుడే బయల్దేరి వచ్చేయండి. ఎన్నోసారన్నది నేను లెక్కపెట్టను, మీరూ పెట్టకండి."

"ఇందాకటాయన గుద్దమన్నాడు, ఈవిడ రమ్మంటోంది," అన్నాడు పళ్ళాయన అయోమయంగా.

"ఏ ఆఫీసైనా అంతేరా. ఒక సెక్షన్ చెప్పింది ఇంకో సెక్షన్‌కి తెలియదు," అంది అత్తగారు. అని, సర్ది ఉంచిన సంచీ భుజానికి తగిలించుకుని, కారు తాళాలు పట్టుకుని అందరికన్నా ముందు మెట్లు దిగింది. కారు వెనక సీట్లో కూర్చుంది. కూర్చోగానే కళ్ళజోడు జారి కాళ్ళ కిందికి పోయింది. ఆవిడ వంగి వెతుకుతోంది.

సరిగ్గా అప్పుడే బండ్లు లాక్కెళ్ళే లారీ వచ్చి ఆగింది. అందులోంచి మెకానిక్ దిగాడు. ఎదురుగా డ్రైవింగ్ స్కూలు కారు. లోపల ఎవరూ కనిపించలేదు. తాళాలు అడగడం దేనికని కొక్కెం తగిలించి మీట నొక్కాడు. కారు ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. దాంతోపాటు వెనక సీట్లో ఉన్న అత్తగారు వెల్లకిలా వెనక్కి పడి, కళ్ళజోడు లేని కళ్ళతో ఆకాశాన్ని చూసింది.

"ఒరేయ్! ఎవడ్రా నన్ను లేపుతోంది?"

మెకానిక్ రెండడుగులు వెనక్కి గెంతాడు. బండి మాట్లాడ్డం అతని అనుభవంలో లేదు.

పొట్ట పట్టుకుని టీచరూ, ఆమెను పట్టుకుని పళ్ళాయనా కిందికి వచ్చేసరికి కారు సగం నింగిలో, సగం నేల మీద ఉంది.

"నా కారుకేమైందయ్యా?" అంది టీచరు.

"కదలట్లేదన్నారుగా మేడమ్! ఇందాక ఫోన్లో చెప్పాగా, వచ్చి తగిలించుకుపోతానని."

ఆ బొంగురు గొంతు ఎవరిదో ముగ్గురికీ ఒక్కసారే తెలిసింది.

"కదలనిది బండి కాదయ్యా, బిడ్డ!" అని పళ్ళాయన భార్య పొట్ట వైపు చెయ్యి చాపి అరిచాడు.

మెకానిక్ ఆ పొట్ట చూశాడు. తన సలహాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. "గుద్దమన్నానా! నా నోరు పడిపోను! ఎక్కండి మేడమ్, నా లారీలోనే ఎక్కండి." కారును దించుదామని మీట నొక్కాడు. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు అది కిర్రుమని బిగుసుకుపోయింది.

"అమ్మా, నువ్వు దిగు!" అన్నాడు పళ్ళాయన కారు తలుపు లాగుతూ.

"ఈ ఏటవాల్లో నేను దిగేసరికి మధ్యాహ్నమవుతుంది. నా సంగతి తర్వాత, ముందు దాన్ని చేర్చండిరా!" అంది అత్తగారు. ఆ గొంతులో మొదటిసారి వణుకు వినిపించి, టీచరు మారు మాట్లాడకుండా లారీ ఎక్కింది.

మెకానిక్ నడపడం మొదలుపెట్టాడు. భయంతో నత్తకు దారిస్తూ వెళ్తున్నాడు. టీచరు తన వైపు లేని బ్రేకును ఒక కాలితో తొక్కుతూనే, "గేరు మార్చవయ్యా! ఇలా పోతే కడుపులోవాడికి మీసాలొస్తాయి," అని కసిరింది. వెనక కారులోంచి అత్తగారు కొడుక్కి ఫోన్ చేసింది. "దారిలో జనమంతా నన్నే చూస్తున్నార్రా. పెళ్ళినాడు కూడా ఇంతమంది చూడలేదు. కదిలిందా?"

"లేదమ్మా."

ఒక గతుకు దాటాక టీచరు భర్త చెయ్యి పట్టుకుంది. "ఏదో కదిలినట్టుందండీ. లారీ కుదుపో, బిడ్డో తెలియట్లేదు."

"వెనక్కి తిప్పమంటారా మేడమ్?" అన్నాడు మెకానిక్ ఆశగా.

"తిప్పావంటే నీ లైసెన్సు నేనే చింపేస్తా. నర్సు రమ్మంది, వెళ్తున్నాం. నేరుగా పోనీ."

ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు చూసింది ఇది: కొక్కేనికి వేలాడుతున్న కారు, అందులో ఆకాశం వైపు మొహం పెట్టి కదలకుండా పడున్న పెద్దావిడ. అతను ఈల వేశాడు. అత్యవసర విభాగంలో ఉన్నవాళ్ళంతా స్ట్రెచరుతో పరుగెత్తుకొచ్చారు. ఆ హడావుడిలో లారీ ముందు తలుపు తీసుకుని దిగిన నిండు గర్భిణిని ఎవరూ పట్టించుకోలేదు. "తప్పుకోండమ్మా, యాక్సిడెంటు కేసు!" అని ఒకతను ఆమెనే పక్కకు జరిపాడు. ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని తిన్నగా కాన్పుల వార్డుకు నడిచింది.

ఇక్కడ అత్తగారి మెడకు పట్టీ వేసి, చెక్క మీద పడుకోబెట్టి, బెల్టులు బిగించారు. "కదలకండి!" అన్నాడు కుర్ర డాక్టరు.

"కదలంది నేను కాదు నాయనా, బిడ్డ!"

"ఎవరి బిడ్డ?"

"నా కోడలి బిడ్డ!"

డాక్టరు చుట్టూ చూశాడు. కోడలూ లేదు, బిడ్డా లేదు. "తలకు దెబ్బ తగిలింది. పొంతన లేకుండా మాట్లాడుతోంది," అన్నాడు పక్కనున్నామెతో.

"అదిగో, ఆ కారును అడగండి! మమ్మల్ని తెచ్చింది బండి కదలట్లేదని వచ్చినతనే!" అంది ఆవిడ. డాక్టరు తలకు స్కానింగు కూడా రాశాడు.

కాన్పుల వార్డులో మాత్రం ఎవరూ అరవలేదు. ఫోన్లో మాట్లాడిన నర్సే పొట్ట చుట్టూ పట్టీ బిగించి, గుండె చప్పుడు పట్టే మిషను మూతిని అక్కడా ఇక్కడా జరిపింది. గరగర తప్ప ఏమీ లేదు. టీచరు గోడనున్న గడియారం వైపు చూసిందిగానీ టైమెంతో తలకెక్కలేదు. పళ్ళాయన పళ్ళు బిగించాడు. ఇంతసేపూ నోటికొచ్చిన జోకులన్నీ టీచరును ఒక్కసారిగా వదిలేసి పోయాయి. లోపల ఒకే ఒక్క మాట మిగిలింది: ఒక్కసారి తన్ను, ఎక్కడైనా సరే.

నర్సు మూతిని ఇంకాస్త కిందికి జరిపింది. దడదడదడమని, పరుగు పందెంలో గుర్రంలా, గుండె చప్పుడు గదంతా నిండింది.

టీచరు భోరుమంది. పళ్ళాయన గోడకానుకుని జారి నేల మీద కూర్చున్నాడు. మిషన్లోంచి వచ్చే కాగితం మీద గీతలు కొండలూ లోయలుగా సాగుతుంటే, ఇంకాసేపటికి లోపలివాళ్ళు నిద్రలేచి మిషను మూతినే ఒక్క తన్ను తన్నారు. అది ఎగిరి పడింది.

డాక్టరమ్మ వచ్చి కాగితం చూసి, స్కాను కూడా చేసి, అంతా బాగుందని చెప్పింది.

"అనవసరంగా మళ్ళీ మిమ్మల్ని..." అని టీచరు మొదలుపెట్టింది.

"అనవసరమో కాదో చూడ్డానికే మేమున్నది," అంది నర్సు. "నిద్రపోయిందో, నలతగా ఉందో ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదది. రేపు మళ్ళీ అనుమానమొస్తే రేపు మళ్ళీ రండి. మీతో ఇంకెవరూ రాలేదా?"

మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకున్నారు. "అత్తయ్య!"

వెతగ్గా వెతగ్గా ఆవిడ స్కానింగు గది బయట దొరికింది. తలకు అటూ ఇటూ దిమ్మలు, మెడకు పట్టీ, మీద దుప్పటి. కోడలి అడుగుల చప్పుడు గుర్తుపట్టి, పైకప్పు వైపే చూస్తూ అడిగింది. "కదిలిందా?"

"కదిలింది అత్తయ్యా. మిషన్నే తన్నింది."

అత్తగారి కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. చేతులు కట్టేసి ఉండడంతో కోడలే కొంగుతో తుడిచింది. ఈలోపు కుర్ర డాక్టరు వచ్చి, టీచరు పొట్టనూ, చెక్క మీదున్న ఆవిడనూ మార్చి మార్చి చూసి, "అయితే కోడలు నిజమేనన్నమాట," అన్నాడు నీరసంగా.

ఆవిడ తలకూ మెడకూ ఏ దోషమూ లేదని సాయంత్రానికి తేలింది. అప్పటికి కొక్కెం ఊడదీసుకున్న మెకానిక్ కారును గుమ్మం ముందు పెట్టి, మొహం చూపించలేక జారుకున్నాడు. పరీక్షకొచ్చిన నిండు గర్భిణి సంచీ మోసుకుంటూ, తోడొచ్చిన అత్తగారిని చెయ్యి పట్టి నడిపించుకుంటూ ఇంటికి తిరిగొచ్చింది. మెడపట్టీ అక్కర్లేదని డాక్టరు ఎంత చెప్పినా ఆవిడ వినలేదు, పురుడయ్యేదాకా తియ్యనంది.

బిడ్డను చూడ్డానికొచ్చిన చుట్టాలంతా ముందు ఆవిడ మెడ ఎలా ఉందని అడిగి, ఆ తర్వాతే పుట్టింది ఆడో మగో కనుక్కున్నారు.