లడ్డు పండుకున్నడు, మెల్లగ మాట్లాడుండ్రి

ప్రతి ఇంటికీ ఒక హ్యామ్‌స్టర్ ఉండి తీరాలి! గొర్రెలు పంచిన సర్కారుకు హ్యామ్‌స్టర్లు పంచడం ఒక లెక్కా? రేషన్ బియ్యంతో పాటు కార్డుకొకటి ఇచ్చి పంపితే సంసారాలు చల్లగా ఉంటాయి.

హ్యామ్‌స్టర్ అంటే ఏమిటని అడిగే అమాయకులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను. అది అరచేతిలో పట్టే ఎలుక. తోక ఉందో లేదో వెతుక్కోవాలి, బుగ్గలు మాత్రం వెతకనక్కర్లేదు. మామూలు ఎలుక కనబడితే చీపురు అందుకుంటాం, ఇది కనబడితే ఫోన్ అందుకుని ఫొటో తీస్తాం. తేడా అంతే.

నవ్వకండి! షాద్‌నగర్‌లో అమరేందర్ ఇంట్లో ఈ ఎలుక తెచ్చిన మార్పు చూసినవాళ్లెవరూ నవ్వరు. ముఖ్యంగా ఆయన భార్య నవనీత నవ్వదు. ఆమెకు దాని పేరెత్తితే దండం పెట్టాలనిపిస్తుంది.

అమరేందర్‌ది వెంచర్లలో ప్లాట్లు చూపించే పని. కూతురు దీప్తి తొమ్మిదో తరగతి. పిల్ల కుక్కపిల్ల కావాలని అన్నం మానేసి కూర్చుంది. ఇల్లు కిరాయిది. కుక్కలు, కోళ్లు పెంచొద్దని ఓనర్ ముందే చెప్పాడు గానీ ఎలుకల ఊసెత్తలేదు. ప్లాట్లమ్మే మనిషికి ఆ సందు చాలదా? పట్నం నుంచి పంజరం, అందులో గిరగిరా తిరిగే చక్రం, ఆ చక్రం పక్కన ముడుచుకుని పండుకున్న హ్యామ్‌స్టర్ కారు దిగాయి. దీప్తి దానికి లడ్డు అని పేరు పెట్టింది.

కొత్త జీవి ఇంటికొస్తే దాని గుణమేమిటో, ఎప్పుడు హుషారుగా ఉంటుందో, ఎప్పుడు మూలకు పడి ఉంటుందో తెలుసుకోవాలి కదా. కొత్త కోడలు వచ్చినప్పుడు ఎవరూ తెలుసుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ముందుగా అమరేందర్ తండ్రి మారయ్య రంగంలోకి దిగాడు. ఆయన ఒకప్పుడు పశువుల అంగడికి వస్తున్నాడంటే బేరగాళ్లు ఎద్దుల నోళ్లు ముందే కడిగి పెట్టుకునేవారట. పండ్లు పట్టి చూస్తే వయసు, సుడి చూస్తే గుణం, నడక చూస్తే పని తెలిసేవి ఆయనకు. అదే చదువును లడ్డు మీద ప్రయోగించాడు.

"సుడి కనబడ్తలేదు. పండ్లు జూస్తే ముదురుది లెక్కున్నది. తోక మెలేద్దామంటే తోకనే లేకపాయె! నిన్ను మోసం జేసిండ్రు కొడుకా."

ఇంకొక్క పరీక్ష మిగిలింది. పండుకున్న ఎద్దును తొడ మీద చరిస్తే అది లేచే తీరును బట్టి ఎలాంటిదో చెప్పేయొచ్చు. మారయ్య పంజరంలోకి చెయ్యి పెట్టి, నిద్రలో ఉన్న లడ్డును వెనకాల ఒక్కటి చరిచాడు. లడ్డు లేచే తీరు ఆయన చూపుడు వేలికి అర్థమైంది.

"అబ్బో, రోషమున్నదిరా!" అన్నాడు వేలు నోట్లో పెట్టుకుని.

"రోషం కాదు తాతా! పండుకున్నదాన్ని ఒక్కసారే లేపితే కరుస్తది. అది దాని గుణం గాదు, నిద్ర చెడిన కోపం," అంది దీప్తి ఫోన్‌లో చూసి.

ఆ మాట వంటింట్లో ఉన్న నవనీత చెవిన పడింది. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

తర్వాత అత్త బాలనర్సమ్మ వంతు. ఆమె పెట్టిన జొన్నలన్నీ లడ్డు దవడల్లో కూరుకుని మొహం గుమ్మడికాయ చేసుకుంది. ఆమె గుండెలు బాదుకుంది. "అయ్యో, గవదబిళ్లలు లేచినయే దీనికి!" అని పసుపు, సున్నం రంగరించి పట్టు వేయబోయింది. గిన్నె తెచ్చేలోగా లడ్డు జొన్నలన్నీ మూలన కక్కి కుప్ప పోసుకుంది. అప్పటికి గాని అది రోగం కాదు, ఆ దవడలు గింజలు దాచుకునే గరిసెలని ఆమెకు తెలియలేదు. దాచుకునే బుద్ధి ఉన్న జీవి కాబట్టి ఆమెకు దాని మీద గౌరవం పెరిగింది. పైగా వినాయకుని వాహనమాయె.

ఇక అమరేందర్ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాడు. కూతురు ఫోన్‌లో చూపించిందంతా రాత్రికి రాత్రే బట్టీ పట్టాడు మరి.

"ఇగ వినుండ్రి. లడ్డు రాత్రంత పనిజేస్తడు, పగలు పండుకుంటడు. పగటి నిద్ర చెడితే మనిషి... ఆఁ, జీవి చిరచిరలాడ్తది. తిండి తినది, నీరసమైతది. గందుకే పొద్దుగాల్నుంచి పొద్దుమూకేదాక ఇంట్ల సప్పుడు కావద్దు. జర అర్థం జేసుకోవాలె!"

ఎంత గొప్ప మాటలు! నవనీత నోరు తెరుచుకుని విన్నది. పెళ్లయినప్పటి నుంచి ఆమె ఈ ప్రసంగం కోసమే కాచుకుని ఉంది. కాకపోతే అందులో ఎలుక ఉంటుందని ఊహించలేదు.

ఎందుకంటే పాఠకులారా, ఆ ఇంట్లో రాత్రంతా పనిచేసి పగలు పండుకోవాల్సిన జీవి అంతకుముందే ఒకటుంది. నవనీతది మందుల కంపెనీలో ప్యాకింగ్ పని, రాత్రి షిఫ్టు. తెల్లారి కంపెనీ బస్సు దిగి, వంట చేసి, పిల్లను బడికి పంపి, హాల్లో ఒక మూలకు చాప పరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే అమరేందర్ ఫోన్ మోగుతుంది. "సార్, ఈస్ట్ ఫేసింగ్! రింగు రోడ్డుకు కూతవేటు దూరం!" అంటాడు. ఆ కూత ఫోన్ లేకపోయినా అవతలివాడికి వినబడుతుంది. అంతలో బాలనర్సమ్మ సీరియల్ మొదలు. మారయ్య ఫోన్‌లో ఎవరో చిరుతల రామాయణం ఆడుతుంటారు. పక్కింటావిడ అండాలు గేటు దగ్గర్నుంచే కరివేపాకు అడుగుతుంది.

లోపలి అర్ర ఖాళీ చేసిస్తే తలుపేసుకుని పండుకుంటానని నవనీత ఎన్నోసార్లు అడిగింది. అందులో మారయ్య మంచం, బియ్యం బస్తాలు, వెంచర్ ఫ్లెక్సీలు ఉన్నాయి. అవెక్కడికి పోవాలని అడిగారు.

"పొద్దెక్కినంక ఆడిది పండుకుంటే ఇంట్ల లక్ష్మి నిలుస్తదా?" అని బాలనర్సమ్మ ప్రశ్న. నవనీతకు కోపం ఎక్కువని, నోరు మంచిది కాదని, ఆ గుణం పుట్టింటి నుంచే వచ్చిందని ఇంట్లో తీర్మానం కూడా అయిపోయింది.

ఆమె బస్సులో నిద్రపోయి దిగడం మరిచింది. డ్రైవర్ షెడ్డులో చూసి లేపాడు. ప్యాకింగ్ బెల్టు దగ్గర కునికితే సూపర్‌వైజర్ చూశాడు. "ఇంకోసారి కునికితే ఇగ పనిలకు రావద్దమ్మా," అన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే, మెలకువగా ఉండాలని సలహా ఇచ్చారు.

అలాంటి ఇంట్లో లడ్డు కోసం లోపలి అర్ర ఖాళీ అయింది! మంచం వరండాలోకి నడిచింది. బస్తాలు వంటింట్లోకి, ఫ్లెక్సీలు మిద్దె మీదికి ఎక్కాయి. కిటికీకి నల్లగుడ్డ కట్టారు. పంజరం మీద మెత్తటి తువ్వాల కప్పారు. సీరియల్లో అత్తాకోడళ్లు మూగవాళ్లయ్యారు. అమరేందర్ ఫోన్ వస్తే చెప్పులు చేతబట్టుకుని వీధి చివరిదాకా పోయి మాట్లాడుతున్నాడు. కుక్కర్ విజిల్ వేయబోతే బాలనర్సమ్మ గబుక్కున పొయ్యి కట్టేస్తోంది. ఇంతటి క్రమశిక్షణ తేవడం ఏ నాయకుడి తరమైంది?

"లడ్డును ఒక్కదాన్నే ఇడిస్తే బుగులు వడ్తది. నేను పక్కన ఉంట," అంది నవనీత, మొహం చాలా గంభీరంగా పెట్టి.

"మంచిది. గాని గురక పెట్టకు. దానికి డిస్టర్బ్ అయితది," అన్నాడు అమరేందర్.

పంజరం పక్కన చాప వేసుకుని ఆమె నిద్రపోయింది. లేచేసరికి దీప్తి బడి నుంచి వచ్చేసింది. మధ్యలో ఎవరూ పిలవలేదు. పగలు ఇంతసేపు పండుకోవచ్చని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తువ్వాల కొంచెం ఎత్తి, ముడుచుకున్న ఆ ఎలుకను చూసి, "సల్లగుండు కొడుకా," అంది.

వారం తిరిగేసరికి ఆమె మారిపోయింది. కళ్ల కింద నలుపు తగ్గింది. అత్తతో నవ్వుతూ మాట్లాడింది. "ఎలుకొచ్చిన ఏళావిశేషం," అంది బాలనర్సమ్మ. అక్షరాలా నిజమే.

కానీ దేవుడు చక్రమొకటి పెట్టాడు కదా. పొద్దుమూకగానే లడ్డు దానిమీదికెక్కి పరుగు లంకించుకుంటుంది. ఇల్లంతా గిర్రుగిర్రు. నవనీతకు బాధ లేదు, ఆ వేళకు ఆమె కంపెనీలో ఉంటుంది. మిగతావాళ్లకు నిద్ర కరువైంది. బాలనర్సమ్మ ఉప్మా మాడబెట్టింది. మారయ్య చాయ్‌లో చక్కెర లేదని గ్లాసు విసిరేశాడు. అమరేందర్ ఒక కస్టమర్‌ను, ప్లాటు కొంటే కొను లేకపోతే పో, అన్నాడు. నిద్ర లేకపోతే మనుషులెలా అవుతారో ఇంటిల్లిపాదికీ ఒకేసారి తెలిసొచ్చింది.

తెలిసొచ్చి ఏమన్నారు? ఎలుకను వెళ్లగొడదామన్నారు!

"ఇది మనింటికి సెట్ గాదు. ఐతారం నాడు వాపస్ ఇచ్చొస్త," అన్నాడు అమరేందర్.

నవనీత లెక్క వేసుకుంది. లడ్డు పోతే అర్రలోకి బస్తాలు తిరిగొస్తాయి. తాను హాల్లో మూలకు పోవాలి. ఆ తర్వాత బెల్టు దగ్గర కునుకు, సూపర్‌వైజర్.

"జర ఆగుండ్రి. కొత్త జాగా గదా, అలవాటు గావాలె. గుణం మార్పిచ్చే పూచీ నాది," అంది.

ఆ సాయంత్రమే తల్లీకూతుళ్లు ఒక పని చేశారు. దీప్తి దోస్తు శ్రీవాణి వాళ్లది సొంతిల్లు, పెద్ద పంజరం కూడా ఉంది. లడ్డును సంచిలో పెట్టి అక్కడ దింపి వచ్చారు. దీప్తి రోజూ బడి నుంచి వస్తూ చూసుకోవచ్చు. ఇంట్లో పంజరం పంజరంలాగే ఉంది, తువ్వాల తువ్వాలలాగే ఉంది. లడ్డుకు మేత పెట్టే పని నవనీత తన చేతిలోకి తీసుకుంది.

ఆ రాత్రి నుంచి చక్రం తిరగలేదు. ఇల్లంతా హాయిగా నిద్రపోయింది.

"నేను రోజు దాని దగ్గర కూసోని మెల్లగ మాట్లాడిన. గందుకే దారికొచ్చింది," అని అమరేందర్ అందరికీ చెప్పుకున్నాడు. నిజంగానే రోజూ తువ్వాల ముందు కూర్చుని బుజ్జగించేవాడు, పాపం. "ఎంత నెమ్మది! సప్పుడే లేదు. జీవి అంటే గిట్లుండాలె!" అనేవాడు. ఎద్దయినా ఎలుకైనా మాట వింటుందని మారయ్య తలూపాడు. ఖాళీ పంజరానికి ఇంత మంచి గుణం ఉంటుందని ఎవరూహించారు?

ఒక మధ్యాహ్నం కృష్ణకాంత్ అనే కస్టమర్ ప్లాటు మాట్లాడటానికి ఇంటికి వచ్చాడు. తన పిల్లలకు కూడా ఏదైనా పెట్ కొనాలన్నాడు. అంతే, అమరేందర్‌కు ప్లాటు మరుపొచ్చింది. ఆయన్ను మునివేళ్ల మీద లోపలికి నడిపించి తువ్వాల ఎత్తాడు.

పంజరంలో చక్రం ఉంది. జొన్నలున్నాయి. లడ్డు లేదు.

"నవనీతా! లేవు! లడ్డు పోయిండు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచి ఆమె భుజం పట్టి ఊపాడు.

నవనీత దిగ్గున లేచి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొగుణ్ని చూసింది, పంజరాన్ని చూసింది, గుమ్మంలో నిలబడ్డ అత్తమామలను చూసింది.

"పండుకున్నదాన్ని ఒక్కసారే లేపితే కరుస్తదని తెల్వదా?" అంది.

మారయ్య తన చూపుడు వేలి వంక చూసుకున్నాడు. కృష్ణకాంత్‌కు విషయమంతా అర్థమయిందో, కొంచెమే అర్థమయిందో గానీ, "తర్వాత మాట్లాడుకుందాం," అని గొణిగి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు లేకుండా వీధిలోకి వెళ్లిపోయాడు. అమరేందర్ ఏం చేయాలో తోచక తువ్వాలను మళ్లీ పంజరం మీద కప్పాడు. నవనీత అటు తిరిగి పండుకుంది.

పంజరం ఇప్పటికీ ఆ అర్రలోనే ఉంది. బస్తాలు వెనక్కి రాలేదు. పగటిపూట ఎవరూ గొంతెత్తరు. అది ఖాళీ పంజరమని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అండాలు గేటు దగ్గర్నుంచి కరివేపాకని కేకేస్తే అమరేందర్ పరుగున వచ్చి నోటిమీద వేలేసుకుంటాడు.

"మెల్లగ వదినా! లడ్డు పండుకున్నడు."

అందుకే మళ్లీ చెబుతున్నాను, ఇంటికొక హ్యామ్‌స్టర్ ఉండి తీరాలి. రాత్రంతా పనిచేసొచ్చిన నా భార్య పండుకుంది అని పట్టపగలు నోరు తెరిచి చెప్పడానికి అమరేందర్‌కు ఇంకా సిగ్గుగానే ఉంది.