ఆమోదిత ముక్కాలి

మనిషి రెండు కాళ్ల మీద నిలబడటం సృష్టిలో పెద్ద మలుపు. అక్కడితో ఆగకుండా మూడు కాళ్లకు ఎదగాలని తపించినవాడు డెల్బర్ట్ హావ్లిక్. తుపాకీ ఆనించి అడవిపందుల్ని కాల్చడానికి ఒక ట్రైపాడ్ ఎంచుకుందామని ఫిబ్రవరిలో కూర్చున్నవాడు, మే దాటినా కూర్చునే ఉన్నాడు. మొగుడి మీద వెర్లీన్‌కు ఇంతకుమించి ఫిర్యాదేమీ లేదు. (పెళ్లి ఉంగరాన్ని ఆయన పది నిమిషాల్లో ఎంచేశాడు. ఆ సంగతి ఆమె ఈమధ్యే గుర్తించింది.)

పందులు మాత్రం కూర్చోలేదు. తండ్రి ఆమెకు వదిలివెళ్లిన నలభై ఎకరాల చేలో, మార్చిలో విత్తిన జొన్న గింజల్ని సాలు వెంట సాలు, ఒక్కటీ వదలకుండా తవ్వి తిన్నాయి. టెక్సాస్‌లో అంత క్రమశిక్షణ ఏ ఆఫీసులోనూ కనపడదు. ఆమె మళ్లీ విత్తించింది. జులై కోత కూడా చేతికి రాకపోతే, నాన్న చేను పరాయివాళ్లకు కౌలుకివ్వక తప్పదు.

"పికప్ ట్రక్కు బానెట్ మీద ఆనించి కాల్చరాదూ?" అని అడిగింది.

"అనాగరికం, వెర్లీన్. సంఘం ఏమనుకుంటుంది?"

సంఘమంటే కౌంటీ వేటగాళ్ల స్థిరత్వ సంఘం. అధ్యక్షులు ఓటిస్ క్రాల్ గారు స్కూలు బస్సుల తనిఖీలో రిటైరై, ఆ అలవాటును మాత్రం ఆఫీసులో అప్పగించకుండా ఇంటికి తెచ్చుకున్నారు. ఏ ట్రైపాడైనా ఆయన గ్యారేజీ సిమెంటు నేల మీద, నెత్తిన నిండు కప్పు కాఫీతో, ఇరవై నిమిషాలు తొణక్కుండా నిలవాలి. (చేలో సిమెంటు ఉండదని సంఘానికి ఎవరూ లిఖితపూర్వకంగా తెలియజేయలేదు.)

దరఖాస్తులో ఏడో గడి: కాల్చదలచినది పందినా, కొయోటీ నక్కనా? పందులు మందగా పరిగెడతాయి కనుక ట్రైపాడ్ తల ఇట్టే తిరగాలి. కొయోటీ దూరాన నిలబడి చూస్తుంది కనుక తల అస్సలు కదలకూడదు. నిజాయతీపరుడైన డెల్బర్ట్ "రెండూ" అని రాశాడు. దాంతో దరఖాస్తు సంయుక్త ఉపసంఘానికి వెళ్లింది. ఉపసంఘమంటే క్రాల్ గారూ, ఆయన బావమరిదీ. ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు.

జూన్ రెండో వారంలో ఆమోదం వచ్చింది. క్రాల్ గారు స్వయంగా విచ్చేసి, తుపాకీని ట్రైపాడ్ పట్టీలో బిగించి తాళం వేసి, కాళ్లకు ఆమోదిత ఎత్తులో సీసపు సీలు వేసి, వెర్లీన్ చేసిన కొలాచీ బన్నులు నాలుగు తిని వెళ్లారు. ఎత్తు ఇరవై రెండు అంగుళాలు. దరఖాస్తు పెట్టిన నాటికి పైరు ఎత్తు "సున్నా". సున్నా పైరుకు నేల మీద చతికిలబడి కాల్చే కొలత చాలునని నియమావళి.

మర్నాడు తెల్లవారుతుండగా ఇద్దరూ గట్టున చతికిలబడ్డారు. జొన్న ఛాతీ ఎత్తున ఉంది. లోపల పందులు కంకులు నములుతున్న చప్పుడు పెళ్లి బంతిని తలపిస్తోంది.

"కనిపిస్తున్నాయా?" గుసగుసగా అడిగింది వెర్లీన్.

"జొన్న కాడలు కనిపిస్తున్నాయి. గురి ఎంత నిలకడగా ఉందో! ఇసుమంత కూడా అదరట్లేదు."

"కాళ్లు పొడుగు చెయ్యవయ్యా మగడా!"

"సీలు తెగితే సభ్యత్వం పోతుందే."

"పోనీ లేచి నిలబడి కాల్చు."

"ట్రైపాడ్ లేకుండానా?" అన్నాడాయన, బట్టలు లేకుండానా అన్నట్టు.

"అయితే తుపాకీ ఇటివ్వు, నేను కాలుస్తా."

"దరఖాస్తులో నీ పేరు లేదుగా. అయినా పట్టీ విప్పే తాళంచెవి ఉపసంఘం దగ్గరుంది."

పందులు తీరిగ్గా భోజనం ముగించి వెళ్లిపోయాయి. వెర్లీన్ అక్కణ్నుంచే క్రాల్ గారికి ఫోన్ చేసింది.

"సవరణ దరఖాస్తు పెట్టుకోండి మేడమ్. ఆగస్టుకల్లా తేల్చేస్తాం."

"కోత జులైలోనండీ!"

"మరీ మంచిది. కోశాక పైరు అడ్డుండదు. ఇదే ఎత్తు సరిపోతుంది."

ఆమె ఫోన్ పెట్టేసి చేలోకి నడిచింది. ఈ చివర నుంచి ఆ చివరి దాకా విరిగిన కాడలే. కోయడానికి జులై దాకా ఆగాల్సిన పనేమీ మిగల్లేదు. వెనక్కి వచ్చి భర్త పక్కన కూర్చుంది.

"డెల్బర్ట్, పొరపాటు నాదే. ఒప్పుకుంటున్నాను."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "పర్లేదులే, ఎవరికైనా జరుగుతుంది. ఏమిటది?"

"ఇన్నాళ్లూ చేను పాడుచేస్తున్నది పందులనుకున్నాను."