కోటబొమ్మాళి వాకిట ఫ్యూజు లేని మహాసమరము

వినుడు! వంశధార కళింగపట్నం చెంత సముద్రుని పాలగు చోటికి ఉత్తరముగా, వరిచేలు పొట్టమీదికి వచ్చి గర్భవతుల వలె మెల్లమెల్లగా ఊగుచుండు ఆశ్వయుజమాసమున, ఎప్పటివలెనే ఆలస్యమైన పాసింజరు ఎప్పటివలెనే సిగ్గులేక కూత వేసిన ఒకానొక అపరాహ్ణవేళ, కోటబొమ్మాళి పురమందు స్టేషనుకు పోవు వీధిలో, ఒక పెంకుటింటి వాకిట, ఏ చరిత్రకారుడూ వ్రాయని, వ్రాయనవసరమే లేని ఘోరసంగ్రామమొకటి సంభవించెను. ఎవరూ వ్రాయరు గనుకనే చెప్పుచున్నాను.

ఆ సంగ్రామమునకు నాయకుడు యుగంధరుడు. సీలింగు ఫ్యాను రెక్క తుడవబోయి రెక్కనే ఊడదీసిన భుజబలశాలి. పదవ తరగతిలో విద్యుత్తు అను పాఠమును పూర్తిగా వదలివేసి పరీక్ష గట్టెక్కిన మేధానిధి. మోటారుసైకిలు కడుగునప్పుడెల్ల తననెవరైన చూచుచున్నారా యని వీధివైపు ఓరగంట చూచు జగన్మోహనుడు. ఆ మహానుభావునికి నెల్లిమర్లలో ఒక విత్తనాల కంపెనీవారు ఊరూరా తిరుగు ఉద్యోగమిచ్చిరి. సొంత బండితో మరునాటి మధ్యాహ్నములోగా వచ్చి చేరవలెను. చేరనిచో ఆ ఉద్యోగమునకై గుమ్మములో మరొకడు సిద్ధముగా నున్నాడు.

చేరుటకు అడ్డమేమి? బండి తాళము. అది అతని తల్లి కూర్మమ్మ కొంగుముడిలో ఉండెను.

నవ్వువారు ఇచ్చట కొంచెము ఆగవలెను. కూర్మమ్మ భర్త సోములు ఒకప్పుడు బియ్యపు లారీకి గుమాస్తాగా ఒడిశా వైపు బయలుదేరి, "రేపు మాపటికి వస్తాను" అనిపోయెను. ఏ కొండమలుపున ఆ లారీ లోయలోనికి ఒరిగెనో చెప్పువాడు లేక, ఆమె గుమ్మమున కూర్చుండి, లారీ చప్పుడైనప్పుడెల్ల లేచి, అది దాటిపోగానే మరల కూర్చుండి, చీకటి పడుదాక అట్లే గడిపెను. కడకు కబురు వచ్చినప్పుడు ఆమెను కాల్చినది మరణమొక్కటే కాదు. తాను అతనికోసము చారు వేడిచేయుచుండిన వేళకే అతడు లేడనుట. ఆ సంగతి తనకు తెలియకపోవుట.

అందుచేత ఆమె కొడుకుతో ఇట్లనెను:

"ఎల్లొద్దని నానన్నానేటి? ఎల్లు. కానీ నువ్వెక్కడున్నావో నాకు కనపడాల. ఫోన్ సేస్తానంటావు. మీ నాన్న కూడా కబురెడతాననే ఎల్లాడు. బండి ఎక్కడుంటే అక్కడ ఫోన్లో సుక్క మెరుస్తాదంట గదా, ఆ పెట్టె తగిలించు. సుక్క నిలబడితే తాళం ఇస్తాను. లేపోతే బండీ ఇక్కడే, నువ్వూ ఇక్కడే."

ఆ మాట విని యుగంధరుడు శ్రీకాకుళము పోయి ఆయుధములు సేకరించెను. అగ్గిపెట్టెంత జీపీఎస్ పెట్టె ఒకటి చాలును. కాని వీరులు చాలునన్నచోట ఆగరు. మంచును చీల్చు ఫాగు లైట్ల జత, ఫోను చార్జరు, ఏనుగు ఘీంకరించినట్లు మ్రోయు హారను, అన్నియు కొనెను. మంచు లేని ఊరిలో ఫాగు లైట్లేల యని అడిగినవారిపై జాలిగా నవ్వెను.

ఇక సేనాపతి. అతడు యుగంధరుని అక్క ఝాన్సీలక్ష్మికి భర్త, మోహనకృష్ణ. బజారులో ఫోన్లకు గాజుపలకలు అతికించు దుకాణమునకు అధిపతి. ఫోను మీద గాలిబుడగ లేకుండ గాజు అతికించగలవానికి బ్రహ్మాండమందు అతికించలేనిది లేదని అతని సిద్ధాంతము.

"మెకానిక్కు కాడికి తీసుకెల్దామా బావా?" అని యుగంధరుడు అడుగగా, మోహనకృష్ణుడు లుంగీ ఎగగట్టి, వాకిలి దద్దరిల్లునట్లు ఇట్లు గర్జించెను:

"మెకానిక్కా! బావ బతికుండగా బామ్మర్ది బండి పరాయోడి సేతిలో పడతాదా! ఒరే, ఎర్ర వైరు, నల్ల వైరు, అంతేరా లోకం! ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఈడియో సూసి వచ్చాను. ఇప్పరా ఆ సైడు డోపు!"

ఆ డోపు, అనగా బండి పక్కమూత, ఊడెను. ఊడుటలో దాని కొక్కెమొకటి విరిగెను. ఇది తొలి క్షతగాత్రము.

అరుగు మీద పెసలు ఏరుచున్న ఝాన్సీలక్ష్మి తలయెత్తి చూచెను. ఆమె పాలిటెక్నిక్కులో ఎలక్ట్రికల్ చదివి, తరగతిలో మగపిల్లలందరికన్న ఎక్కువ మార్కులు తెచ్చుకొని, పెళ్లియైనది మొదలు పుట్టింటనైన మెట్టినింటనైన మిక్సీ ప్లగ్గు బిగించుటకు సైతము అనుమతి లేకయున్నది.

"ఫ్యూజు ఏదండీ?" అని ఆమె అడిగెను.

"ఫ్యూజా?" మోహనకృష్ణుడు పకపక నవ్వెను. "ఫ్యూజంటే కాలిపోడానికి సేసిన సామానే! కాలిపోయీదాన్ని డబ్బులిచ్చి ఎవడైనా పెట్టుకుంటాడేటి?"

"పోనీ ముందు బ్యాటరీ నెగిటివన్నా ఇప్పండి."

"పన్నెండు ఓల్టులే! నాలిక మీద పెట్టుకున్నా సురుక్కుమనదు."

"అక్కా," అని యుగంధరుడు అందుకొనెను, "నీ డిప్లమా కూడా ఆ పెసల్లో కలిపి ఏరుకోయే."

ఆమె చేట నొకసారి కుదిపెను. ఒక రాయి ఏరి వీధిలోనికి విసరెను. అది తమ్ముని చెవి పక్కగా పోయెను.

అంత వీరులిద్దరు నాలుగు సామానుల తీగలను వలిచి, పాత హారను తీగకు, బ్యాటరీ తీగకు, దొరికిన ప్రతి తీగకు మెలివేసి, జడలు విరబోసికొన్న భూతమువంటి ముడి నొకదానిని హ్యాండిలు కింద నిర్మించిరి. ఇంతలో మహావిపత్తు! టేపు దుకాణములో మరచిరి.

అప్పుడు కూర్మమ్మ పసుపునీళ్ల గిన్నెతో, నూలుదారపు ఉండతో వెలువడెను. ఆ ఇంటి ఆచారమట్టిది: మోటారు బిగించినను, నాగలి అతికినను, ఇనుము ఇనుముతో కలిసినచోట తొలిచుట్టు పసుపుదారముతోనే పడవలెను. సోములు ఎక్కిన లారీకి ఆనాడు దారము కట్టలేదని ఆమె నమ్మకము.

"టేపెందుకు బాబూ, ఇది సుట్టండి. ఇది సుడితే ఏ గాలీ సోకదు."

"సూశావా బామ్మర్దీ! అత్తే టేపు తెచ్చినాది!" అని మోహనకృష్ణుడు ఉప్పొంగి, ఆ తడిదారమును రాగిపోగులపై చుట్టెను. దారపుసందుల నుండి పోగులు ముళ్లపంది ముళ్లవలె తొంగిచూచుచుండగా, దానిపై కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు సైతము చిలకరించిరి. చక్రముల కింద నిమ్మకాయలు పెట్టిరి. కూర్మమ్మ కొంగుముడి విప్పి, వాటిని తొక్కించుటవరకే యని చెప్పి, తాళమిచ్చెను. యుగంధరుడు బండినెక్కి, తాళము తిప్పి, దిగ్విజయమునకు వెడలు చక్రవర్తి వలె హ్యాండిలును ఎడమకు తిప్పెను.

తిప్పగానే ఆ ముడి బండి ఇనుమునకు ఒరిసికొనెను. ఒరిసికొనగానే ప్రళయము!

హారను తనంత తాను ఘీంకరించెను. విడిచి ఆపుదమన్నను మీటనెవడూ నొక్కియే యుండలేదు. ఫాగు లైట్లు పట్టపగటి ఎండలో ఉన్మాదుల కన్నులవలె వెలిగి, ఆరి, వెలిగెను. ఎదురింటి ముసలాయన పెళ్లి ఊరేగింపు వచ్చినదనుకొని చొక్కా తొడుగుకొని వచ్చి నిలిచెను. సీటు కిందనుండి నీలపుపొగ సర్పమువలె మెలికలు తిరిగి లేచెను. యుగంధరుడు తాళము తీసివేసెను. బ్యాటరీకి తిన్నగా కట్టిన తీగ తాళమునకు లోబడునా? లోబడలేదు. "నాలిక మీద పెట్టుకున్నా" అన్న సేనాపతి తులసికోట వెనుకకు చేరి అచ్చటినుండి వ్యూహములు చెప్పుచుండెను.

"నీల్లు! నీల్లు పొయ్యరా!"

యుగంధరుడు బకెట్టు ఎత్తెను.

"పోశావో సంపేస్తాను!" అని అరచి ఝాన్సీలక్ష్మి అరుగు దుమికెను. పెసలు వాకిలినిండ ఒలికెను. ఆమె వాకిట పడియున్న పనిముట్ల సంచిలోనుండి పది నంబరు పానా లాగి, పొగలోనికి చేయి చాచి, బ్యాటరీ నల్లతీగ బోల్టు విప్పి లాగివేసెను.

నిశ్శబ్దము. వేడెక్కిన రబ్బరు కంపు. ఎదురింటి ముసలాయన నిరాశతో చొక్కా విప్పికొనుచు లోనికి పోయెను.

కూర్మమ్మ బండి దగ్గరకు వచ్చి, నల్లబడిన పసుపుదారమును చూచి, తాళమును కొడుకు చేతిలోనుండి లాగికొని నడుమున దోపికొనెను.

"నా సేత్తో ఇచ్చిన దారమే కాలిపోనాది. సాలు. నువ్వెక్కడికీ ఎల్లవు."

"అమ్మా, రేపు మధ్యానానికి..."

"ఎల్లవన్నాను!"

అప్పుడు ఝాన్సీలక్ష్మి తల్లివైపు తిరిగెను. "దారం తప్పేటే అమ్మా? తడిదారం రాగిమీద సుట్టినోడిది తప్పు. ఫ్యూజు ఒద్దన్నోడిది తప్పు. ఫ్యూజుంటే అది ఒక్కటే కాలి ఊరుకునీది, ఇంత పొగ రాదు. అది కాలిపోడానికే పుట్టినాది, బండి కాలకుండా." ఆపై తులసికోట వైపు చూచి, "బావగారూ బామ్మర్దిగారూ ఇలగొచ్చి పెసలు ఏరండి," అనెను.

వీరులు పెసలు ఏరిరి. మోహనకృష్ణుడు మధ్యలో ఒక్కసారి, "టేపుంటే ఇలగ అయ్యీది కాదే," అనబోయి, భార్య చేతిలోని పానా చూచి, ఒక పెసరగింజను బహుశ్రద్ధగా పరిశీలించెను.

ఆమె చేసినది యుద్ధము కాదు గనుక దానిని వర్ణించుట కష్టము. కాలిన తీగలన్నియు కోసి పారవేసెను. బండిని గుడ్డతో తుడిచి ఆరనిచ్చెను. భర్తను బజారుకు పంపి తెప్పించిన సామానులతో, బ్యాటరీ గొంతుకడనే ఫ్యూజు నిలిపెను. ఫాగు లైట్ల భారము పాత తీగలపై పడకుండ నడుమ రిలే అను స్విచ్చుపెట్టెను పెట్టెను. జీపీఎస్ ఎర్రతీగకు వేరే చిన్న ఫ్యూజు వేసి, తాళము తిప్పిన సంగతి తెలుపు తీగను తాళపు లైనుకు కలిపెను. ప్రతి అతుకును గొట్టముతో కప్పి, ఇంజను వేడికి దూరముగా నడిపించి, హ్యాండిలు దగ్గర తీగలను వదులుగా విడిచి, హ్యాండిలును ఎడమకు, కుడికి, మరల ఎడమకు తిప్పి చూచెను. ఏనుగు హారనును మాత్రము తమ్ముని ఒడిలో పడవేసి, "ఇది నువ్వే నోటితో ఊదుకో," అనెను. జీపీఎస్ పెట్టెను సీటు కింద, పైన ఇనుము అడ్డులేకుండ ఆకాశము వైపు మొగము పెట్టి అతికెను. ఉండలో మిగిలి ఆరిన పసుపుదారము కొంచెము తెంపి తల్లికిచ్చి, "అద్దం కాడకి కట్టు. అక్కడ ఏ కరెంటూ లేదు," అనెను.

పొద్దు వాలుచుండగా అందరు కూర్మమ్మ ఫోను చుట్టు మూగిరి. తెర మీద చక్రము తిరిగెను. తిరిగెను. ఆకాశమందలి ఉపగ్రహములు కోటబొమ్మాళిని గుర్తించుటకు తమలో తాము వాదించుకొనుచున్నట్లుండెను. అంతలో నీలిచుక్క యొకటి తళుక్కుమని వెలిగి, మోటారుసైకిలు కోటబొమ్మాళిలో, స్టేషను వీధిలో, వారి వాకిటనే యున్నదని ప్రకటించెను.

మోటారుసైకిలు వారి కన్నులయెదుటనే యుండెను. మోకాలికి తగులుచుండెను. అయినను అందరు హర్షధ్వానములు చేసిరి. మోహనకృష్ణుడు, "నా ప్లానే గదా," అనెను. ఎవరూ వినలేదు.

మరునాటి ఉదయమున కూర్మమ్మ తాళము ఇచ్చెను. ఇచ్చిన చేయి వెంటనే వదలలేదు. అతని వేళ్లనొక క్షణము పట్టుకొనెను. బండి రైలుగేటు మలుపు తిరిగెను. వీధి ఖాళీ ఆయెను. ఆమె గుమ్మమున కూర్చుండలేదు. ఫోను చేతబట్టుకొని వంటింటిలోనికి పోయెను.

చాలసేపటికి ఫోను మ్రోగెను.

"అమ్మా, నరసన్నపేట ఎప్పుడో దాటేశాను. సిక్కోలు కాడికి వచ్చేశాను. నువ్వు బెంగెట్టుకోకు."

"అబద్దాలాడకు. నరసన్నపేట బస్సు కాంప్లెక్సు కాడే ఉన్నాది సుక్క. ఇందాకటి నుంచి కదల్లేదు. ఏటి తింటన్నావు?"

అవతల స్టీలు పళ్లెము పక్కకు జరిగిన చప్పుడు.

"పూరీ," అని వీరుడు లొంగిపోయెను.

"నూనెవి తినకు. సెయ్యి కడుక్కోని బయల్దేరు. బండి మీద ఫోను ఎత్తకు. నాను సూస్తన్నాను గదా."

జయము! కాలిన తీగల సాక్షిగా, ఒలికిన పెసల సాక్షిగా జయము! వినువారందరికి తెలియునట్లు చాటుచున్నాను: తన మనిషి ఎక్కడున్నాడో లోకము చెప్పుదాక గుమ్మమున కనిపెట్టుకొనియుండిన కూర్మమ్మ, తన కొడుకు నరసన్నపేటలో పూరీ తినుచున్నాడని, ఈ పర్యాయము అందరికన్న ముందు తానే తెలిసికొనెను.