చెప్పేవాడా, చెప్పించేవాడా?

ఆదివారం పొద్దున్నే భీమారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని టాటానగర్ స్టేషన్‌కు బయలుదేరాడు. రాంచీ నుంచి వచ్చే కన్సల్టెంటును బాగ్‌బేరాకు తీసుకొచ్చి, టిఫిను పెట్టించి, సంఘం హాల్లో కూర్చోబెట్టాలని అతని పథకం. కార్ఖానాలో క్రేను నడిపి రిటైరైన భీమారావు అక్కడి తెలుగు బస్తీ సంఘానికి అధ్యక్షుడు.

బస్తీకి ఒకే ఒక్క వీధికుళాయి మంజూరైంది. ఎక్కడ వేయాలో సోమవారంలోగా చెప్పకపోతే అది పక్క బస్తీకి పోతుందని నీళ్ళ ఆఫీసువాళ్ళు తేల్చేశారు. పైవీధివాళ్ళు తమ వైపన్నారు, కిందవీధివాళ్ళు తమ వైపన్నారు. ఎంతకీ తెగక, బయటివాళ్ళను పిలుద్దామనుకున్నారు. దాంతో కుళాయి గొడవ ఆగి, ఎవరిని పిలవాలన్న గొడవ మొదలైంది. కన్సల్టెంటయితే వచ్చి, చూసి, ఇక్కడ వేయండని చెప్పి వెళ్ళిపోతాడని పైవీధి భీమారావు వాదన. మనకు చెప్పడానికి అతనెవరు, ఫెసిలిటేటరయితే అందరినీ మాట్లాడించి మనచేతే చెప్పిస్తాడని కిందవీధి టీచరు జయమణి వాదన. చివరికి ఎవరికి వారు తమ మనిషిని అదే ఆదివారానికి రమ్మన్నారు. ఆ ఇద్దరి మొహాలూ బస్తీలో ఎవరూ ఎరగరు.

"సెప్పీవోడొకడు, సెప్పించీవోడొకడు. బిందె మోసీవోడు ఎవుడూ నేడా?" అంది మీటింగులో వెనక కూర్చున్న నూకమ్మ. ఆ మాటను మినిట్సులోకి ఎక్కించలేదు.

స్టేషన్ బయట తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకడు, తోలుసంచీ పట్టుకుని ఎవరికోసమో చూస్తున్నాడు. బాగ్‌బేరా తెలుగు బస్తీకేనా అని భీమారావు అడిగాడు.

"అవునండి. ఓపాలి సూసుకుందామని వచ్చినాను."

"అన్నీ సూపిత్తాం, రండి."

ఆయన ఖరగ్‌పూర్ ఆదిబాబు. కూతురు తనూజను నూకమ్మ కొడుకు జయప్రకాష్‌కు ఇవ్వాలనుకుంటూ, ముందుగా ఇల్లూవాకిలీ చూసుకోవడానికి ఒక్కడే వచ్చాడు. స్టేషన్‌కు మనిషిని పంపుతామని నూకమ్మ ఫోనులో చెప్పింది. ఆమె పంపిన తమ్ముడు అదే సమయానికి రెండో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

హాలు నిండా జనాన్ని చూసి ఆదిబాబు బెదిరాడు. పెళ్ళికొడుక్కి ఇంత బలగం ఉందని ఎవరూ చెప్పలేదు. టీ ఇచ్చారు. వచ్చాక ఏదో ఒకటి అడగకపోతే బాగుండదని, ఆడపిల్ల తండ్రి అడగవలసిందే అడిగాడు.

"ఇక్కడ ఎవరి మాట సెల్లుద్దండి?"

సంఘం పుట్టాక ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఏదీ చెప్పకుండా అడుగుతున్నాడంటే ఈయన తను పిలిచిన ఫెసిలిటేటరే అయి ఉంటాడని జయమణి మొహం వెలిగింది. కన్సల్టెంటు కూపీ బాగానే లాగుతున్నాడని భీమారావు మురిశాడు.

తరవాత ఆదిబాబు, నీళ్ళు ఎవరు మోస్తారని అడిగాడు. మగవాళ్ళు ఫ్యాను వైపు చూశారు. చుట్టం ఇంకా రాలేదేమని గుమ్మంలో నిలబడి రోడ్డు చూస్తున్న నూకమ్మ లోపలికి వచ్చింది.

"నానే మోత్తన్నాను బాబూ, రైలుకట్ట అవతల నుంచి. మోకాళ్ళు అరిగిపోనాయి. ఇంకెన్నాల్లులే. మా జయప్రకాషుకి పెళ్ళి సేత్తన్నాం. కోడలొత్తాది, అదే మోత్తాది."

ఆదిబాబు టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. నూకమ్మగారంటే మీరేనా అని మెల్లిగా అడిగాడు. కన్సల్టెంటు పేర్లతో సహా తెలుసుకుని వచ్చాడని భీమారావు పక్కవాడిని పొడిచాడు. మీ ఇల్లెక్కడని ఆదిబాబు మళ్ళీ అడిగితే, రెండు వీధులూ కలిసే మూలని ఆమె చెప్పింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"అయితే కులాయి ఈవిడ గుమ్మం ముందే పడాల. నేకపోతే నాను ఇప్పుడే బండెక్కి ఎల్లిపోతాను."

ఆ మూల ఎవరి వైపూ కాదు. అవతలివాళ్ళు గెలిచారని ఏడవడానికి రెండు వీధులకూ వీల్లేకపోయింది. చెప్పాడని పైవీధి, మనచేత ఒప్పించాడని కిందవీధి చప్పట్లు కొట్టాయి. తీర్మానం అక్కడికక్కడే నీళ్ళ ఆఫీసు వాళ్ళ ఫోనుకు వెళ్ళిపోయింది.

అప్పుడు నూకమ్మ తమ్ముడు చెమటలు కక్కుతూ వచ్చి, ఖరగ్‌పూర్ ఆయన బండి దిగలేదని చెప్పాడు.

"దిగినాను బాబూ. తనూజ నాన్నని నానే," అన్నాడు ఆదిబాబు.

నూకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జయమణికి మాత్రం మనసొప్పలేదు. తన కూతురి కోసం చెప్పినవాడి మాట న్యాయం ఎలా అవుతుందని అడిగింది.

"సొంత లాభం సూసుకోనోడు మనలో ఎవుడున్నాడు టీచరమ్మా?" అన్నాడు భీమారావు.

ఇంతలో అసలు కన్సల్టెంటు ఫోను చేసి, బండి తప్పిపోయింది, వచ్చే వారం వస్తానన్నాడు. అసలు ఫెసిలిటేటరు కూడా కాసేపటికి ఫోను చేసి దారి అడిగాడు. ఇద్దరినీ రావద్దని చెప్పే విషయంలో భీమారావు, జయమణి మొట్టమొదటిసారి ఏకమయ్యారు.

కుళాయి వచ్చింది. కూతురికి మోత తప్పిందన్న ధైర్యంతో ఆదిబాబు పెళ్ళీ చేశాడు. కాపురానికి వచ్చిన మర్నాడు తనూజ గుమ్మంలోకి వచ్చి, అంత దగ్గరున్న కుళాయిని తేరిపార చూసి, బిందె తెచ్చి జయప్రకాష్ చేతిలో పెట్టింది.

ఆ నిర్ణయానికి మాత్రం బయటినుంచి ఎవరినీ పిలవాల్సిన పని పడలేదు.